చంకలో సెంట్రీ

మిలాను,
1999 నవంబరు 8, సోమవారం

వదినా,

చేరాను. ఆసుపత్రి వెనక సన్యాసినుల సత్రంలో గది దొరికింది. మంచం ఇరుకు, దుప్పటి దళసరి. రాత్రి భోజనంలో మనం చేత్తో వత్తి పట్టీలుగా కోసే తల్యతెల్లె ఇక్కడ పాకెట్టులోంచి తీసి ఉడకబెట్టి, దేవుడికి దండం పెట్టించి మరీ తినిపించారు. నోరు మూసుకుని తిన్నాను. నేను నోరు మూసుకున్నానంటే నువ్వు నమ్మవు, కానీ నిజం.

మన దుకాణంలో ఫోను గల్లాపెట్టె పక్కనే ఉంది, దాని చుట్టూ ఎప్పుడూ ఊళ్లో సగం చెవులుంటాయి. అందుకని అనుకున్నట్టే అన్నీ ఉత్తరాల్లోనే రాస్తాను. ఇవాళ ఆసుపత్రిలోంచి బయటికి రాగానే ఒక కార్డు ముక్క కూడా గీకి పడేశాను, అందిందా?

డాక్టరమ్మ విస్కార్ది నా కూతురి వయసుంటుంది, నాకో కూతురుంటే. కాయితం మీద బొమ్మ గీసి చెప్పింది. గడ్డ శనగగింజంత, మొదట్లోనే దొరికింది, దాన్ని తీసేస్తారు, రొమ్ము ఉంటుంది. అసలు సంగతి చంకలో ఉందట. రొమ్ములోంచి ఏదైనా బయటికి పోవాలంటే దారి చంక మీదుగానే. ఆ దారిలో చిన్న చిన్న గ్రంథులు గుత్తిగా ఉంటాయి. అన్నిటికంటే ముందు నిలబడినదాన్ని సెంట్రీ అంటారట. జబ్బు గడప దాటి బయల్దేరిందంటే మొదట వాడి ఎదుటినుంచే పోవాలి. అందుకని ముందు సెంట్రీ ఒక్కడినే పట్టుకుని, బయటికి తీసి, భూతద్దం కింద పెట్టి సోదా చేస్తారు. వాడు శుభ్రంగా ఉంటే మిగతావాళ్ల జోలికి పోరు. దొంగ వాడిని దాటాడని తేలితే మాత్రం చంకంతా ఖాళీ చేస్తారు. ఇదివరకైతే ఏ సోదా లేకుండా అందరికీ ఖాళీ చేసేవారట. నేను అదృష్టవంతురాలినని డాక్టరమ్మ అంది.

ఖాళీ చేస్తే ఏమవుతుందని అడిగాను. చెయ్యి బిగుసుకుంటుంది, కొందరికి వాస్తుంది, బరువు పనులు చెయ్యకూడదు అంది. "మరి అప్పడాల కర్ర?" అన్నాను. "ఇంట్లో అప్పుడప్పుడూ అయితే ఫరవాలేదు" అంది. "ఇంట్లో కాదు, మా పాస్తా దుకాణంలో. రోజూ, తెల్లారగట్ల నుంచి మధ్యాహ్నం దాకా. కర్ర నా భుజం ఎత్తుంటుంది" అన్నాను. అంతవరకూ నవ్వుతూ మాట్లాడిన మనిషి నవ్వడం మానేసింది. అప్పుడు భయమేసింది వదినా. చచ్చిపోతానేమోనని అంత భయం లేదు. కుడిచెయ్యి పోతుందేమోనని ఉంది.

ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. మనవాళ్లు దాని పేరు కూడా పలకరు, గొంతు తగ్గించి "చెడ్డ జబ్బు" అంటారు. అన్నాక నా వంక ఎలా చూస్తారో తెలుసు. దుకాణంలో మాంసం కూరిన తొర్తెల్లీని కొనుక్కుంటూ ముందు నా రొమ్ము వంకా తర్వాత నా మొహం వంకా చూసి "పాపం" అంటారు. నాకు పాపం వద్దు. మిలానులో ఉన్న పిన్ని కూతురు ఆల్మాకి తుంటి విరిగింది, చూసుకోడానికి వెళ్లిందని చెప్పు, అంతే.

గుడ్లు కోళ్లామె దగ్గరే తీసుకో. పచ్చసొన పాలిపోయి ఉంటే వెనక్కి కొట్టు.

నీ ఆడపడుచు,
తోస్కా


కాస్తెల్‌రోవెరె,
నవంబరు 11, గురువారం, సెయింట్ మార్తీనో పండగ

మా ఆడపడుచుగారికి వదిన వేసే అక్షింతలు,

కార్డు అందిందా అని అడిగావు. ఊరంతటికీ అందింది. నాకే ఆఖర్న అందింది.

నువ్వు రాసిన ముక్కలు నువ్వే చదువుకో: "నా సెంట్రీని పట్టుకోబోతున్నారు. వాడు మంచివాడని తేలితే త్వరగా వచ్చేస్తాను. కాకపోతే ఇక నా బతుకే మారిపోతుంది. ఎవరికీ చెప్పకు." ఎవరికీ చెప్పకు అని కార్డు మీద రాసే మనిషి భూమ్మీద నువ్వొక్కదానివే. పోస్టు లొరేత్త అది తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, సైకిలెక్కి పోయింది. మధ్యాహ్నానికి రొట్టెల కొట్లో, సాయంత్రానికి పేకాట బల్లల దగ్గరా తేలిందేమిటంటే, యాభై ఎనిమిదేళ్ల తోస్కా మిలానులో ఒక సెంట్రీని పెళ్లాడబోతోంది, వరుడి నడత మీద విచారణ జరుగుతోంది.

నీ ఉత్తరం మర్నాడొచ్చింది. అది చదివాక గానీ ఆ సెంట్రీ ఎవరో నాకూ తెలియలేదు. గోదాములోకి వెళ్లి చదివాను. తర్వాత కళ్లు తుడుచుకుని బయటికొచ్చేసరికి రొట్టెల ఆవిడ బల్ల మీద మోచేతులు పెట్టుకుని "మనిషి ఎలా ఉంటాడు నీవెస్?" అంది.

ఏం చెప్పమంటావు? కాదంటే మరి సంగతేమిటంటారు. అందుకని "మీసాలున్నాయి" అన్నాను. ఒకసారి మీసాలొచ్చాక మనిషి ఆగడు కదా. ఇప్పుడతనికి పింఛనుంది, వెనిస్ దగ్గర చెల్లెలుంది, వెల్లుల్లి పడదు. వెల్లుల్లి పడదన్నందుకు ఊరు కాస్త నొచ్చుకుంది.

ఒక్కచోట మాత్రం తప్పు చేశానేమో. మిల్లు ఎర్మెస్ పిండి బస్తాలు తెచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ మనిషి మన గుమ్మంలో "పిండి ఎలా ఉంది తోస్కా?" తప్ప ఇంకో మాట అనలేదు. నిన్న మాత్రం బస్తా భుజం మీద పెట్టుకునే "ఏ సెంట్రీ? బ్యాంకు దగ్గర నిలబడేవాడా, సైన్యమా?" అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "సైన్యం. గుర్రం కూడా ఉందట" అన్నాను. బస్తా నా కాలి మీద దించాడు. బొటనవేలు నల్లబడింది. మధ్యలో నాకేమిటీ శిక్ష?

నిన్న పిండి రేకు నేనే వత్తాను. కిటికీకి అడ్డంగా పట్టుకుంటే పల్చటి రేకులోంచి అవతలి గంటస్తంభం కనబడాలి కదా, నాకు కిటికీ కూడా కనబడలేదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఒకావిడ తల్యతెల్లె అరకిలో అడగబోయి పావుకిలో చాలంది. నువ్వు వచ్చెయ్. నన్ను తిట్టేవాళ్లు లేక దుకాణం దుకాణంలా లేదు.

పండగ చెస్ట్‌నట్లు కాల్చాను, నీ వంతు కూడా నేనే తిన్నాను.

వదిన నీవెస్


మిలాను,
నవంబరు 15, సోమవారం

నీవెస్ వదినకి, కోపంతో,

నాకు గుర్రం అవసరమేమిటి? మీసాల దగ్గర ఆగలేకపోయావా? నేనిక్కడ ఒంటికి సూదులు పొడిపించుకుంటుంటే నువ్వక్కడ నాకు పెళ్లిసంబంధం కుదురుస్తున్నావు. మొదలుపెట్టింది లొరేత్త అంటావు గానీ, నువ్వు ఒక మాట అందిస్తేనే కదా ఆవిడ నాలుగు అల్లేది. పోస్టు సంచి ఎడమ భుజాన తప్ప వెయ్యనని టెక్కు పోయే మనిషి. ఆవిడ నోట్లో నేను పడ్డాను.

సరే, విను. ఇవాళ గడ్డ దగ్గర ఏదో రేడియేషన్ మందు చుక్క ఎక్కించారు. అది మెల్లగా పాక్కుంటూ పోయి సెంట్రీ దగ్గర ఆగుతుందట. యంత్రం కింద పడుకోబెట్టి ఫొటో తీశారు. చంకలో నల్ల చుక్క ఒకటి కనిపించింది. "అదిగో మీవాడు" అంది డాక్టరమ్మ. నా చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టింది. రేపు ఆపరేషన్‌లో ఒక పుల్లలాంటిది చంక మీద తిప్పుతారు, సెంట్రీ దగ్గరికి రాగానే అది కూతపెడుతుంది. ఇవాళ్టికి పసిపిల్లల్ని ఎత్తుకోవద్దన్నారు. ఆ మాట సత్రం గుమ్మంలో సన్యాసినికి చెప్పాను. అప్పట్నుంచీ ఆవిడ నాకు రెండు మెట్లు దూరంలో నడుస్తోంది. ఇక్కడ పసిపిల్లలు లేరు, తను డెబ్భై దాటింది, అయినా.

ఎర్మెస్ ఇంకేమన్నాడో రాయలేదు. రాయక్కర్లేదు. ఊరికే అడిగాను. గుర్రం లేదని మాత్రం చెప్పు. అసలు ఏ మగాడూ లేడని చెప్పు. ఎందుకు చెప్పాలంటే, పిండి సరిగ్గా పట్టడేమోనని. మనసు చెదిరిన మిల్లువాడి పిండి గరుకుగా ఉంటుంది.

ఇక అసలు మాట. రేపు మత్తులో ఉండగానే సెంట్రీని పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా నన్ను బల్ల మీదే ఉంచుతారు. శుభ్రంగా ఉంటే కుట్టేస్తారు. లేకపోతే అప్పుడే మొత్తం తీసేస్తారు. నాకెలా తెలుస్తుందని అడిగాను. "మొత్తం తీస్తే చంక కింద రబ్బరు గొట్టం, దానికొక సీసా ఉంటాయి. లేకపోతే ఉండవు" అంది. అంటే మెలకువ రాగానే ఎవరినీ అడగక్కర్లేదు. ఎడమచేత్తో తడిమి చూసుకుంటే చాలు.

ఇందాక ఈ ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు ఆ దుప్పటిని మంచం మీద పరిచి, ఉత్త చేతులతో రేకు వత్తినట్టు వత్తాను. కుడిచెయ్యి చక్కగా పోయింది, ఈ చివర్నుంచి ఆ చివరికి. నవ్వకు. ఏడవకు కూడా.

తోస్కా


కాస్తెల్‌రోవెరె,
నవంబరు 17, బుధవారం

తోస్కా,

నువ్విది చదివేసరికి గొట్టం సంగతి నీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియదు. పొద్దుట్నుంచీ మూడుసార్లు ఉప్పు వేశాను ఒకే పిండిలో. గుడిలో కొవ్వొత్తి వెలిగించాను, ఫాదర్ చూసి "పెళ్లి కోసమా?" అన్నాడు. ఔనన్నాను. దేవుడి ఇంట్లో అబద్ధం, నీ ఖాతాలో రాసుకో.

ఇంకో సంగతి. కంగారు పడకు, కాస్త పడు. ఎర్మెస్ లేడు. మిల్లుకు తాళం. వాళ్లన్నయ్య అంత్యక్రియలకు కుట్టించుకున్న నల్లకోటు తొడుక్కుని, చేతిలో ఒక పొట్లంతో నిన్న పొద్దున్నే రైలెక్కాడని లొరేత్త చూసింది. ఎక్కడికని అడిగితే "ఆ సెంట్రీ సంగతేమిటో చూసొస్తాను" అన్నాడట. పేకాట బల్లల దగ్గర ఇప్పుడు పందేలు నడుస్తున్నాయి. సెంట్రీకి తుపాకి ఉంది కాబట్టి ఎక్కువమంది అటే కాశారు. ఎర్మెస్ మీద ఎవరైనా కాస్తారేమోనని చూశాను. చివరికి నేనే కాశాను.

నువ్వు ఏ ఆసుపత్రిలో ఉన్నావో నేను చెప్పలేదు, ఒట్టు. ఆల్మా అడ్రసు మాత్రం అడిగాడు, ఇచ్చాను. ఆల్మాకి తుంటి విరగలేదన్న సంగతి ఆ క్షణాన మర్చిపోయాను.

నేను ఈ వేషాలన్నీ ఎందుకు వేశానో తెలుసా? జనం నవ్వుతున్నంతసేపు ఇంకేమీ అడగరు. వాళ్లు నవ్వుతుంటే నేను కూడా కాసేపు నమ్మాను, నువ్వు నిజంగా ఎవరి చెయ్యో పట్టుకుని మిలాను వీధుల్లో తిరుగుతున్నావని. అలా అనుకుంటే నిద్రపడుతోంది.

గొట్టం ఉన్నా లేకపోయినా రాయి.

నీవెస్


మిలాను,
నవంబరు 19, శుక్రవారం

వదినా,

కుడిచెయ్యి నాలుగు రోజులు కదపొద్దన్నారు. నేను చెప్తుంటే వేరేవాళ్లు రాస్తున్నారు. దస్తూరీ చూసి ఎవరో కనిపెట్టే ఉంటావు. పిండి బస్తాల మీద రాసి ఉండేదే.

(నమస్కారం నీవెస్‌గారూ. మీ బొటనవేలు ఎలా ఉంది? – ఎర్మెస్)

మధ్యలో నీ మాటలు రాయొద్దని చెప్పాను, వింటున్నాడా చూడు. వదినా, గొట్టం ఉంది. మెలకువ రాగానే తడిమాను, చేతికి తగిలింది. సెంట్రీ దొంగని ఆపలేకపోయాడు, వాడి ఒంట్లోనే దొంగ కూర్చుని ఉన్నాడట. కాబట్టి చంకంతా ఖాళీ చేశారు. ఖాళీ చేసినవాటిలో ఇంకెన్నింట్లో ఉన్నాడో వారంలో తెలుస్తుంది. చాలావాటిలో ఉంటే మందులు గట్టిగా ఇవ్వాలి, మాటలు మెత్తగా చెప్తారు. ఒక్కడితో ఆగితే కథ వేరు. ఇప్పుడు నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను.

ఆరోజు ఏడుపు వచ్చింది. ఇది రాయి ఎర్మెస్, దాచడానికేముంది. గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే వరండాలో గొడవ వినిపించింది. నల్లకోటు మనిషొకడు నర్సుని నిలదీస్తున్నాడు. "తోస్కాగారి సెంట్రీ ఎక్కడ? వాడితో మాట్లాడాలి" అంటున్నాడు.

నర్సు చాలా మర్యాదగా "తీసేశామండీ" అంది.

"తీసేశారా? ఎక్కడికి?"

"ముక్కలు కోసి పరీక్షకు పంపాం. కాస్త చెడిపోయి ఉన్నాడు."

(నేను గోడ పట్టుకున్న మాట నిజం. ఒక్క మనిషి నడత బాగాలేదని అంత పని చేస్తారనుకోలేదు. – ఎర్మెస్)

ఆ మాట వినగానే గొట్టంతో సహా నవ్వాను. కుట్లు లాగాయి. ఏడుపూ నవ్వూ కలిసిపోయి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఎర్మెస్ గుమ్మంలో పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను వదినా, పూర్తి పేరుతో, గొంతు తగ్గించకుండా. "ఎర్మెస్, నాకు కాన్సరు. సెంట్రీ అంటే చంకలో ఉండే గ్రంథి. గుర్రం మా వదిన పెట్టింది." ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి. పలికితే నోరేమీ కాలిపోలేదు.

అతను పాపం అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, పొట్లం ఒళ్లో పెట్టుకుని "అయితే పోటీ లేదన్నమాట" అన్నాడు.

(అది రాయొద్దని బతిమాలాను. – ఎర్మెస్)

నువ్వు ఆల్మా అడ్రసిచ్చావు. ఆల్మా నాట్యం క్లాసుకు వెళ్తూ గుమ్మంలో ఎదురైందట. తుంటి విరిగిన మనిషి నాట్యమాడుతుంటే ఇతనికి అనుమానం రాదా? పట్టుబట్టి నిజమైన చోటు చెప్పించుకున్నాడు.

పొట్లంలో నీ రేకు ముక్కొకటి తెచ్చాడు, నువ్వు వత్తింది. నా కంటికి చూపించాడు. వదినా, దాంతో గోడలు కట్టొచ్చు.

తోస్కా చెప్పగా,
ఎర్మెస్ రాసినది


కాస్తెల్‌రోవెరె,
నవంబరు 23, మంగళవారం

తోస్కా,

ముందు తిట్టు, తర్వాత చదువు. నేను చెప్పేశాను.

నీ ఉత్తరం లొరేత్త తెచ్చింది. దుకాణం నిండా జనం. గోదాములోకి పోయి చదవాల్సింది, కాళ్లాగలేదు, అక్కడే చింపాను. "గొట్టం ఉంది" అన్నదాకా వచ్చి పిండి బస్తా మీద కూలబడ్డాను. రొట్టెల ఆవిడ "అయ్యో, సెంట్రీ కాదన్నాడా?" అంది. అప్పుడు నాకు ఓపిక చచ్చిపోయింది. "సెంట్రీ లేడు, మీసాల్లేవు. మా తోస్కాకి రొమ్ము కాన్సరు. చంకలో అన్నీ తీసేశారు. ఇక కర్ర పట్టుకుంటుందో లేదో తెలియదు" అన్నాను. నీ మాట తప్పాను. తప్పానని తెలిసే అన్నాను.

రొట్టెల ఆవిడ రుమాలు తీసింది, పాపం అనబోతోందని తెలుస్తూనే ఉంది. అంతలో లొరేత్త పోస్టు సంచి తీసి నేలమీద పెట్టి, గల్లా పక్కనుంచి లోపలికొచ్చింది. నా ఎదురుగా నిలబడి కోటు విప్పి, కుడిచెయ్యి పైకెత్తింది. భుజం దాటి కాస్త పైకి వచ్చి ఆగిపోయింది.

"నాకింతే లేస్తుంది నీవెస్. ఎనిమిదేళ్లయింది. సంచి ఎడమ పక్కనే ఎందుకేస్తాననుకున్నావు?" అంది.

నువ్వూ నేనూ ఆ సంచి మీద ఎన్ని జోకులేశామో తలుచుకుంటే సిగ్గేసింది.

"మరి ఆ కార్డు..." అన్నాను.

"చదివిన క్షణానే అర్థమైంది. ఏటేటా పరీక్షకు పోతాను కదా, ఆ వరండాల్లో ఈ మధ్య అందరూ సెంట్రీ సెంట్రీ అనే మాట్లాడుకుంటారు. నా రోజుల్లో సెంట్రీ లేడు, ఏకంగా దోపిడీయే. కార్డు పోస్టాఫీసులో ఇంకొకరి కంట కూడా పడింది. 'ఏమిటిది?' అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి. 'పెళ్లికొడుకు' అన్నాను. పెళ్లంటే ఇంక వేరే అనుమానాలు రావు."

పుకారు పుట్టించింది ఆవిడే తోస్కా, కావాలనే. నేను మీసాలు పెట్టి అంతా నా తెలివే అనుకున్నాను.

"నాకప్పుడు ఇలా ఎవరూ అబద్ధమాడిపెట్టలేదు. సముద్రస్నానాలకు పోయానని నేనే చెప్పుకున్నాను. తిరిగొచ్చాక ఎండకి ఒళ్లు నల్లబడలేదేమని మీరంతా నవ్వారు, నేనూ నవ్వాను" అంది. గొంతు మామూలుగానే ఉంది. రొట్టెల ఆవిడ రుమాలు తన కళ్లకే వాడుకుంది. ఆవిడ అక్క ఎలా పోయిందో ఆరోజు మొదటిసారి మాకు చెప్పింది.

తర్వాత లొరేత్త వేళ్లు పిండిలో ముంచి, గోడ దగ్గర నిలబడి, చీమలు పాకినట్టు వేళ్లని మెల్లగా పైకి నడిపించింది. రోజూ ఇలా చెయ్యాలట, లేకపోతే చెయ్యి బిగుసుకుపోతుందట. తనకి చెప్పినవాళ్లు లేక ఆలస్యంగా మొదలుపెట్టిందట. గోడ మీద తెల్లటి వేలిముద్రలు క్యాలెండరు కిందదాకా ఉన్నాయి. తుడవొద్దంది. నువ్వొచ్చి వాటిని దాటాలట.

నువ్వు చీకటిపడ్డాక వెనక సందులోంచి ఇంటికొద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకో. అందరూ నిన్ను పగటి రైలుకు రమ్మన్నారు.

మిగతావాటి సంగతి తెలియగానే, తెలియగానే రాయి.

మాట తప్పిన నీ వదిన


మిలాను,
నవంబరు 26, శుక్రవారం

వదినా,

నిన్ను తిట్టాలని కలం పట్టుకున్నాను, తిట్లు రావడం లేదు. మంచిపని చేశావు. లొరేత్తకి నేనేం చెప్పాలో తెలియడం లేదు. ఎదురుగా నిలబడితే తెలుస్తుందేమో.

పొద్దున డాక్టరమ్మ కాయితం పట్టుకుని వచ్చింది, దూరం నుంచే నవ్వుతూ. మిగతావాటిలో ఎక్కడా లేదు వదినా. ఒక్కదానిలో కూడా లేదు. దొంగ సెంట్రీ దగ్గరే చిక్కుకుపోయాడు. వాడు లంచం తిన్నాడని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. పాపం, దొంగని పట్టుకుని వదల్లేదట, చచ్చేదాకా. పాపం అనే మాట మొదటిసారి నా నోట మంచిగా వచ్చింది.

అయితే మిగతావన్నీ ఊరికే పోయాయి కదా అన్నాను. తీసి చూడకుండా తెలిసే దారి ఇంకా లేదంది. ముందు ముందు వస్తుందేమోనంది. మందులు తప్పవు గానీ, ఆరు నెలల తర్వాత నేను నీతో దెబ్బలాడుతూనే ఉంటానని మాటిచ్చింది.

కర్ర సంగతి కూడా మళ్లీ అడిగాను. పెద్ద కర్ర వద్దట. చెయ్యి వాయకపోతే కొన్నాళ్లకి చిన్నది పట్టొచ్చట, కాసేపే. కాబట్టి రేకు ఇకమీదట నువ్వే వత్తాలి. నేను పక్కన నిలబడి నేర్పుతాను. నువ్వు ఏడుస్తావు, అయినా నేర్పుతాను. ముప్ఫై ఏళ్లు నేనే చేస్తానని నిన్ను ఆ బల్ల దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడు రా.

ఎర్మెస్ అడిగాడు. ఏమడిగాడో నీకు తెలుసు. "చెయ్యి ఇలా, రొమ్ముకు కుట్లు, మందులతో జుట్టూ ఊడుతుంది, ఏం చూసి అడుగుతున్నావు?" అన్నాను. "ఇరవై ఏళ్లుగా బస్తా దించి ఏదో ఒకటి అందామనుకుంటాను, పిండి ఎలా ఉందనే వస్తుంది" అన్నాడు. దానికి నేనేమన్నానో ఉత్తరంలో రాయను. నా ఉత్తరాలు ఎక్కడ విప్పుతావో తెలిసిపోయింది.

గురువారం పగటి రైలుకు దిగుతాను, ముందు గుమ్మంలోంచే వస్తాను. చూసే వాళ్లందరినీ చూడనీ.

చివరిమాట. ఈ కాయితం మొదట్నుంచి చివరిదాకా నేనే రాశాను, కుడిచేత్తో. మధ్యలో మూడుచోట్ల ఆగాను. అక్షరాలు వంకరపోయాయని ఎర్మెస్ తిరగరాస్తానన్నాడు, ముట్టుకోవద్దన్నాను.

తోస్కా